పదకొండు మంది తాతలున్న మాంత్రికుడు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, చెప్పేవాడికీ తెలియదు. పొన్నవీడు అనే ఊళ్లో ఒక రాజుండేవాడు. ఆయన పేరు భువనకేసరి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పడితే దించడు. రెండోవాడు కళాధరుడు, పాట ఎత్తుకుంటే ఆపడు. మూడోవాడు సుకేతుడు. వాడికి కత్తీ పాటా రెండూ అంతంతమాత్రమే. చూసింది చూశానంటాడు, చూడనిది చూడలేదంటాడు, తెలియనిది తెలియదంటాడు.

రాజకుమారుడి నోట 'తెలియదు' అన్న మాట రాకూడదని గురువుగారు మూడేళ్లు బెత్తం పుచ్చుకుని నేర్పారు. నాలుగో ఏడు పిలిచి, "ఏం నాయనా, ఆ మాట మరిచిపోయినట్టేనా?" అని అడిగారు.

"తెలియదండీ" అన్నాడు సుకేతుడు.

గురువుగారు బెత్తం విరిచి పొయ్యిలో పెట్టుకున్నారు.

కోటకు ఉత్తరాన వేటవనం ఉండేది. జింకలు, నెమళ్లు, మద్దిచెట్లు, చుట్టూ రాజుగారి తాత కట్టించిన ఎత్తయిన ప్రహరీ. ఆ వనం నడిబొడ్డున ఒక దిబ్బ. ఐదు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. చుట్టుపక్కల ఏడామడల్లో కొండ లేదు, గుట్ట లేదు. దిబ్బలో చెయ్యి పెడితే రాయి తగలదు, అంతా మట్టే. ఎవరో పోసిందేనని చూడగానే తెలుస్తుంది. ఎవరు పోశారో, ఎందుకు పోశారో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్లు కూడా లేరు. ఆస్థానంలో ముగ్గురు పండితులుంటే ముగ్గురి దగ్గరా మూడు కథలు ఉండేవి. మూడింటికీ సాక్షులు లేరు.

తూర్పు ప్రహరీ అవతల మట్టివాడ. అక్కడ నూట ఇరవై ఇళ్లు. చెరువులు తవ్వేవాళ్లూ, కట్టలు పోసేవాళ్లూ, పూడిక తీసేవాళ్లూ ఆ ఇళ్లలో ఉండేవారు.

ఒక పున్నమినాటి ఉదయం సభలోకి ఒక మాంత్రికుడు వచ్చాడు. నల్ల శాలువా, మోకాళ్ల దాకా గడ్డం, చేతిలో పాముతల దండం. పేరు ధూమకంఠుడు.

"రాజా, నీ వేటవనంలో ఉన్న దిబ్బ మా తాత పోయించాడు" అన్నాడు. "మట్టి ఎవరు పోస్తే దిబ్బ వాళ్లది. సాయంత్రం దాని నీడ ఎంతవరకు పడితే అంతవరకు నేలా, నేల మీద మనుషులూ వాళ్లవి. ఇది పాత ధర్మం."

రాజు పండితుల వైపు చూశాడు. "అలాంటి ధర్మం ఉందా?"

"వెతికితే ఉండవచ్చు ప్రభూ" అన్నాడు పెద్ద పండితుడు.

రాజు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఆ నీడ కోట మీద పడుతుందా?"

"పడదు ప్రభూ. మట్టివాడ వరకే."

రాజు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే తొందరేముంది. నిదానంగా ఆలోచిద్దాం."

సుకేతుడు లేచి నిలబడ్డాడు. "నాన్నగారూ, మట్టివాడలో నూట ఇరవై ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో మనుషులున్నారు."

"ఆ మనుషులే నాక్కావాలి" అన్నాడు ధూమకంఠుడు. "ఏడు సముద్రాల అవతల కోట కట్టుకుంటున్నాను. తవ్వే చేతులు చాలడం లేదు."

"వాళ్లు రారు" అన్నాడు సుకేతుడు.

"నువ్వెవడివి చెప్పడానికి?"

"ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇక్కడ మిగిలినవాళ్లెవరూ నోరు మెదపడం లేదు."

మాంత్రికుడు నవ్వి అందరినీ దిబ్బ దగ్గరకు తీసుకెళ్లాడు. దిబ్బ నెత్తిన దండం పాతాడు. "దిబ్బకు తన పుట్టుక తనకు తెలుసు. ఈ దండం పట్టుకుని దాని పుట్టుక గురించి అబద్ధమాడినవాడు ఉన్నపళంగా రాయి అవుతాడు. ముందు నన్నే చూడండి." దండం పట్టుకున్నాడు. "ఈ దిబ్బ మా తాత పోయించాడు." ఏమీ కాలేదు. గడ్డం గాలికి ఊగింది, అంతే.

పెద్దవాడు రణధీరుడికి రోషం వచ్చింది. గబగబా పైకెక్కి దండం పట్టుకుని, మొదటి పండితుడు చెప్పిన కథ చెప్పాడు. "ఇది మా ముత్తాత విజయస్తంభం. దీని కింద వెయ్యిమంది శత్రువుల తలలున్నాయి." చివరి మాట నోట్లో ఉండగానే రాయి అయిపోయాడు.

రెండోవాడు కళాధరుడు అన్న మీది ప్రేమతో ఎక్కాడు. రెండో పండితుడి కథ అందుకున్నాడు. "ఇది దేవకన్య నాట్యమాడిన వేదిక." రాగం కూడా తీశాడు. ఆ రాగం మధ్యలోనే రాయి అయిపోయాడు.

మూడో పండితుడు తన కథ వెనక్కి తీసుకున్నాడు. తనకసలు కథే లేదన్నాడు.

సుకేతుడు పైకెక్కాడు. కింద నుంచి రాజు "వద్దురా నాన్నా" అంటూనే ఉన్నాడు. వాడు దండం పట్టుకున్నాడు.

"చెప్పు, ఎవరు పోశారు?" అన్నాడు మాంత్రికుడు.

"నాకు తెలియదు."

అందరూ వాడి కాళ్ల వైపు చూశారు. కాళ్లు కాళ్లలాగే ఉన్నాయి.

"అది జవాబు కాదు."

"అబద్ధమూ కాదు. నీ దండమే ఒప్పుకుంది. నువ్వెందుకు ఒప్పుకోవు?"

ధూమకంఠుడి ముఖం కొంచెం మాడింది. "నా ఓడలు రావడానికి మూడు పున్నములు పడుతుంది. ఆ మూడో పున్నమి రోజు పొద్దు గూకేలోపు నా మాట అబద్ధమని తేల్చు. తేలిస్తే మీ అన్నలు మనుషులవుతారు, నేను వచ్చిన దారిన పోతాను. తేల్చకపోతే మట్టివాడను పిల్లాపీచుతో సహా ఎక్కించుకుపోతాను." గడువు దయతో ఇచ్చింది కాదు. ఓడల కోసం ఎలాగూ అంత కాలం ఆగాలి.

సుకేతుడు తిన్నగా మట్టివాడకు వెళ్లాడు. ఆ వాడకు పెద్ద మేస్త్రి ఓబన్న. ఆయన కూతురు పెంచలి ఇంటి ముందు కూర్చుని ఈతబద్దలతో తట్ట అల్లుతోంది. జరిగిందంతా సుకేతుడు ఆమెకు చెప్పాడు.

పెంచలి తల ఎత్తలేదు. "నీడ మా ఇళ్ల మీద పడితే మేం ఆయనకు చెందుతామా చిన్నదొరా? రోజూ మధ్యాహ్నం దాకా మా మీద ఎండే పడుతుంది. ఆ లెక్కన మేం సూర్యుడికి చెందాలి. ముందు ఆయన్ని అడిగి రమ్మను."

"ఆ మాట సభలో నాకు తట్టలేదు."

"ఎలా తడుతుంది, పట్టుపరుపు మీద కూర్చుంటే."

సుకేతుడు కింద మట్టిలో కూర్చున్నాడు. "పెంచలీ, ఆ దిబ్బ ఎవరు పోశారో మీ వాళ్లకేమైనా తెలుసా?"

ఆమె చేతిలో బద్ద ఆగింది. "ఇన్నేళ్లలో ఆ మాట మమ్మల్నడిగిన మొదటివాడివి నువ్వే" అంది. తర్వాత వాడను దాటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ మనిషి నడుమెత్తు దిబ్బ ఒకటుంది, గుండ్రంగా.

"మాకొక ఆచారం ఉంది దొరా. పొద్దున్నుంచీ మట్టి మోస్తామా, పని దిగేటప్పుడు ప్రతివాళ్లూ తట్ట బోర్లించి మూడు దెబ్బలు కొట్టాలి. అడుగున అంటుకున్న మట్టంతా ఒకేచోట రాలాలి. పని మట్టి ఇంట్లోకి వస్తే పని కూడా వెంట వస్తుంది, నిద్రపోనివ్వదు అంటారు. ఇప్పుడు ఇక్కడ దులుపుతున్నాం. ప్రహరీ కట్టక ముందు పెద్దచెరువు తవ్వినన్నాళ్లూ మా వాళ్లు ఆ పెద్ద దిబ్బ దగ్గర దులిపేవాళ్లని మా అవ్వ చెప్పేది. ప్రహరీ కట్టాక లోపలికి రానివ్వలేదు."

"తట్టకు అంటుకున్న మట్టితో ఐదు తాటిచెట్ల ఎత్తు దిబ్బా?"

"ఎన్ని తట్టలో, ఎన్ని తరాలో, నువ్వు లెక్కేసుకో."

"అయితే నువ్వొచ్చి ఆ మాట దండం పట్టుకుని చెప్తావా?"

పెంచలి వాడి ముఖంలోకి చూసింది. "అవ్వ చెప్పింది. నేను చూశానా? అవ్వ పొరపడి ఉంటే నేను రాయినవుతాను. అయినా ఆయన కూడా చెప్పి నిలబడ్డాడుగా. ఇద్దరం నిలబడితే జనం ఎవరి మాట నమ్ముతారు, గడ్డం మాటా తట్ట మాటా?"

అది నిజమే. అప్పుడు పక్క కన్నంలోంచి ఒక గొంతు వినిపించింది.

"నన్ను కూడా ఎవరూ అడగలేదు."

ఒక పందికొక్కు. బొద్దుగా, మీసాల నిండా మట్టితో ఉంది. "పెద్ద దిబ్బలో మా వంశం తొంభై తరాలుగా కాపురముంటోంది. పండితులొచ్చి మా నెత్తి మీద నిలబడి కథలు చెప్పుకుంటారు. లోపల ఏముందని కిందికి వంగి అడిగిన మహానుభావుడు లేడు."

"లోపల ఏముంది?" అన్నాడు సుకేతుడు వంగి.

"తలలు లేవు, ఎముకలు లేవు, బంగారం అసలే లేదు. అంతా గుప్పెడు గుప్పెడు పెళ్లలు. ఒకచోట ఎర్రమట్టి, ఒకచోట నల్లరేగడి, ఒకచోట సుద్ద. ఏరోజు ఏ మట్టి తవ్వారో ఆరోజు అది."

"ఈ చిన్న దిబ్బ?"

పందికొక్కు చిన్న దిబ్బలోకి దూరింది. కాసేపటికి అవతలి వైపు తేలింది. "ఇదీ అంతే. పెద్దది తాతయితే ఇది మనవడు."

సుకేతుడు నేల మీద గీతలు గీసుకుంటూ ఆలోచించాడు. రెండు దిబ్బలూ ఒకటే అయితే ధూమకంఠుడు చెప్పింది అబద్ధం. అబద్ధమైతే వాడు రాయి కావాలి. మరి ఎందుకు కాలేదు?

"ప్రాణమున్నవాణ్నే రాయి చెయ్యగలరు" అంది పందికొక్కు. "వాడి ప్రాణం వాడి దగ్గర లేదేమో."

ఈ మాట పెద్దచెరువులో చేపలు పడుతున్న గూడబాతు విని ఒడ్డుకొచ్చింది. మంచమంత వీపు, జోలె లాంటి ముక్కు. "ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలక ఉందని వలసపక్షులు చెప్పుకుంటాయి. దానిలో రెండు ప్రాణాలట. బరువుకి ఎగరలేదట. నేను తీసుకెళ్తాను ఎక్కు నాయనా. మట్టివాడ పోతే ఈ చెరువు పూడిక తీసేదెవరు, నేను ఈదేదెక్కడ?"

సుకేతుడు దాని వీపెక్కాడు. పందికొక్కు దాని ముక్కు జోలెలో కూర్చుంది. పెంచలి తను అల్లుతున్న తట్టకు మూత కట్టి వాడి చేతికిచ్చింది. "చిలకను చంకలో పెట్టుకుని రాలేవుగా" అంది.

ఎగిరారు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటేటప్పుడు గూడబాతు కళ్లు మూసుకుని ఎగిరింది. నేతి సముద్రం మీద పందికొక్కు దిగుదామంది.

"దిగితే మునుగుతావ్" అన్నాడు సుకేతుడు.

"మునిగితే మునిగాను. ఇంతకంటే మంచి చావు మా వంశంలో ఎవరికీ రాలేదు. పైగా ఈ జోలెలో చేపల కంపు భరించలేకపోతున్నాను."

"అయితే నడిచి రా" అంది గూడబాతు.

పెరుగు సముద్రం దాటారు. పాల సముద్రం దాటారు. మంచినీళ్ల సముద్రం దాటేసరికి ఒక పున్నమి గడిచి రెండోది దగ్గర పడింది.

దీవిలో సగం లేచిన కోట ఉంది. దాని చుట్టూ వేలమంది మట్టి మోస్తున్నారు. వాళ్లది ఒకే భాష కాదు, ఒకే బట్టకట్టూ కాదు. కోట గుమ్మం ముందు మూడు తలల పాము చుట్ట చుట్టుకుని ఉంది. దాని చుట్టూ ఎముకలు.

మొదటి తల లేచింది. "ఈ కోట కట్టింది ఎవరు? సరిగ్గా చెప్తే లోపలికి పో. తప్పు చెప్తే నా పొట్టలోకి పో."

అంతకుముందు వచ్చినవాళ్లందరూ ధూమకంఠుడనే చెప్పారు. ఎముకలు వాళ్లవే.

"నాకు తెలియదు" అన్నాడు సుకేతుడు. "నేను చూడలేదు."

రెండో తల లేచింది. "పోనీ ఊహించు."

"ఊహించను."

మూడో తల లేచింది. "మరి తెలుసుకోవాలంటే ఏం చేస్తావు?"

"మోసేవాళ్లని అడుగుతాను."

మూడు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "ఇది ఒప్పా తప్పా?" అంది మొదటిది. "తప్పు కాదు" అంది రెండోది. "ఒప్పని కూడా మనకు చెప్పలేదే" అంది మూడోది. మూడూ గొడవపడ్డాయి. ఆ గొడవ తెమిలేలోగా పందికొక్కు గోడ కింద కన్నం తవ్వేసింది. సుకేతుడు తట్టతో సహా అందులోంచి లోపలికి పాకాడు.

లోపల ఇనుప పంజరంలో చిలక ఉంది. పొట్ట నేలకు ఆనుతోంది.

"చంపడానికొచ్చావా?" అంది చిలక.

"కాదు. నీలో రెండు ప్రాణాలున్నాయట కదా?"

"ఒకటి నాది, ఒకటి మా దొరది. నాది నిద్రపోతుంది. ఆయనది ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరిని తిడుతూ ఉంటుంది. నాకు కడుపునొప్పి."

"ఆయన తాత మా ఊళ్లో దిబ్బ పోయించాడట. నీకేమైనా తెలుసా?"

చిలక కిలకిలా నవ్వింది. "మీ ఊళ్లో కూడానా? అయితే మా దొరకు పదకొండో తాత. ఎవరు పోశారో తెలియని దిబ్బ ఎక్కడ కనిపించినా మా దొరకు అక్కడో తాత పుడతాడు. బయట మట్టి మోస్తున్నారే, వాళ్లంతా మిగతా పది మంది తాతల తాలూకు."

పందికొక్కు పళ్లు నూరింది. "అబ్బాయీ, మెడ నులిమేయ్. పని అయిపోతుంది."

సుకేతుడు తల అడ్డంగా ఊపాడు. "ఇది చస్తే వాడు చస్తాడు. మా అన్నలు రాళ్లుగానే ఉంటారు. జనమేమంటారు? నిజం చెప్పినవాణ్ని చంపేశారంటారు. చచ్చినవాడి మాట కాదనేవాడుండడు. వాడు బతికుండగా, అందరి ముందూ, వాడి నోటితోనే తేలాలి."

"నన్ను చంపనని మాటిస్తే వస్తాను" అంది చిలక. "ఇక్కడ జాంపళ్లు కూడా బాగుండవు."

పంజరం తలుపుకు తాళం లేదు. ఎగరలేని చిలకకు తాళమెందుకని వేయలేదు. సుకేతుడు చిలకను తట్టలో కూర్చోబెట్టి మూత వేశాడు. మళ్లీ ఏడు సముద్రాలు. రెండు ప్రాణాల బరువుకు గూడబాతు ప్రతి దీవిలోనూ ఆగి రొప్పింది. మూడో పున్నమి రోజు మధ్యాహ్నానికి గానీ పొన్నవీడు కనిపించలేదు.

అప్పటికే వేటవనం నిండిపోయింది. రాజు, సభ, పండితులు ఒక వైపు. మట్టివాడ జనం ఇంకో వైపు. వాళ్లను భటులు చుట్టుముట్టి నిలబెట్టారు. దిబ్బ మీద రాళ్లయిన అన్నదమ్ములిద్దరు, వాళ్ల మధ్య ధూమకంఠుడు. నీడ అప్పుడప్పుడే ప్రహరీ ఎక్కుతోంది.

"వచ్చావా తెలియదయ్యా" అన్నాడు మాంత్రికుడు. "ఇప్పుడైనా తెలిసిందా?"

సుకేతుడు దిబ్బ ఎక్కి తట్ట దించి మూత తీశాడు. చిలక బయటికి తొంగి చూసింది. "దండాలు దొరా, ఇక్కడ మీకు పదకొండో తాత దొరికాడట కదా" అంది.

ధూమకంఠుడి రంగు మారింది.

"నీ ప్రాణం ఇప్పుడు దిబ్బ మీద ఉంది" అన్నాడు సుకేతుడు. "ఆనాడు చెప్పిన మాటే దండం పట్టుకుని మళ్లీ చెప్పు."

"నన్ను చంపితే మీ అన్నలు ఎప్పటికీ మనుషులు కారు."

"నిన్ను ముట్టుకోను. చిలకనూ ముట్టుకోను. నిజమైతే చెప్పడానికి భయమెందుకు?"

"ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పాల్సిన పని నాకు లేదు."

మట్టివాడ జనంలోంచి పెంచలి గొంతు వినిపించింది. "పదకొండు మంది తాతలున్నారట కదా సామీ. వాళ్లలో ఒక్కడి పేరైనా చెప్పు, దణ్ణం పెట్టుకుంటాం."

అందరూ నవ్వారు. భటులు కూడా నవ్వారు. అదీ వాడికి తగిలింది.

"నీకింకో దారి ఉంది" అన్నాడు సుకేతుడు. "తెలియదని చెప్పు. ఒక్క మాట. దానికి ఎవరూ రాయి కారు. ఓడలు వెనక్కి తిప్పుకుని, దీవిలో వాళ్లను వదిలేసి, ప్రాణం తీసుకుని పో."

ధూమకంఠుడు దండం పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. "నాకు తె..." అన్నాడు. ఆ మాట వాడి గొంతు దాటి ఎప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. రాజు చూస్తున్నాడు, పండితులు చూస్తున్నారు, తట్టలు మోసేవాళ్లు చూస్తున్నారు. గడ్డం ఒక్కసారి విదిలించాడు.

"మా తాతే పోయించాడు. మా తాత."

రెండో 'తాత' మాట రాయి నోట్లోంచి వచ్చింది. పాదాలు, మోకాళ్లు, గడ్డం, అంతా నల్లరాయి. దండం చేతిలోంచి జారి పడింది. అదే క్షణాన రణధీరుడు కళ్లు నులుముకున్నాడు. కళాధరుడు ఆగిన చోటి నుంచి రాగం అందుకున్నాడు. చిలక రెక్కలు విదిల్చి గాల్లోకి లేచింది. "ఒక్క ప్రాణమే మిగిలింది. అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అంటూ మద్దిచెట్టు కొమ్మ మీద వాలింది. ఏడు సముద్రాల అవతల పాము మూడు తలలూ వంచుకుని దారి ఇచ్చిందనీ, పది దేశాల మట్టిపనివాళ్లు మట్టివాడ కోసం వచ్చి ఖాళీగా తిరిగిపోయిన ఓడలెక్కి ఇళ్లకు చేరారనీ ఆ తర్వాత వలసపక్షులు చెప్పాయి.

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ రాజుకు ఉత్సాహం వచ్చింది. "మాంత్రికుడి తాత కాదని తేలిందిగా. ఇక ఇది మా తాతదే. శాసనం చెక్కించండి."

"మీ ఇష్టం నాన్నగారూ" అన్నాడు సుకేతుడు. దండం ఎత్తి ఆయన ముందు పెట్టాడు. "ఇది పట్టుకుని చెప్పండి."

రాజు దండాన్ని చూశాడు, నల్లరాయిని చూశాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పోనీ మీలో ఎవరైనా?" అన్నాడు సుకేతుడు పండితులతో. ముగ్గురికీ ఒకేసారి సంధ్యావందనం గుర్తొచ్చింది.

అప్పుడు పెంచలి భటులను పక్కకు నెట్టుకుంటూ వచ్చింది. ఓబన్న "వద్దమ్మా, గండం గడిచిందిగా" అని కొంగు పట్టుకున్నాడు.

"ఈ గండం గడిచింది నాన్నా. రేపు ఇంకొకడు తాతను వెంటబెట్టుకుని రాడా? మన సంగతి మనం చెప్పుకోకపోతే ఎవడో ఒకడు చెప్తూనే ఉంటాడు" అంది.

పైకెక్కి దండం పట్టుకుంది. అవ్వ మాట తప్పయితే? మూడు పున్నములుగా తను తిరిగిందంతా ఈ ఒక్క మనిషి కోసమేనని వాడికి ఆ నిమిషంలో తెలిసింది.

పెంచలి ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. "పనిదిగి తట్ట దులపడం మా ఆచారం. ఇది నాకు తెలుసు, నేనూ దులుపుతాను. మా వాళ్లు ఇక్కడ దులిపేవాళ్లని మా అవ్వ చెప్పింది. చెప్పిందన్నది నిజం, ఆమె చెప్పింది నిజమో కాదో నేను చూడలేదు. ఈ దిబ్బ లోపల మట్టి, మా వాడ వెనక దిబ్బ మట్టి ఒక్కలాగే ఉన్నాయని పందికొక్కు చెప్పింది. మొదటి తట్ట ఎవరు దులిపారో నాకు తెలియదు. అది తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు బతికిలేరు."

గాలి వీచింది. ఆమె కొంగు ఎగిరింది. రాయి కొంగు ఎగరదు.

"దిగి రామ్మా" అన్నాడు రాజు, కొంచెం గౌరవంగానే.

"దిగను. తూర్పు ప్రహరీలో బండి పట్టేంత దారి కొట్టించండి. మా వాళ్లు మళ్లీ ఇక్కడే దులుపుకుంటారు. అప్పుడు దిగుతాను."

"ఇది రాజుల వేటవనం."

"దిబ్బ ముందొచ్చిందా, వనం ముందొచ్చిందా మహారాజా? దండం ఇక్కడే ఉంది, పట్టుకుని చెప్పండి."

రాజు కొడుకు వైపు చూశాడు. సుకేతుడు అప్పటికే ఒక భటుడి దగ్గర గడ్డపార తీసుకుని గోడ వైపు నడుస్తున్నాడు. వాడు మొదటి దెబ్బ వేశాడు, ఇటుక రాలేదు. మట్టివాడ వాళ్లు వాడు గడ్డపార పట్టిన తీరు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. ఓబన్న వచ్చి చెయ్యి ఎక్కడ ఉంచాలో చూపించాడు. ఆ తర్వాత నూట ఇరవై ఇళ్లవాళ్లూ చెయ్యి వేశారు. పొద్దు గూకేలోగా దారి పడింది.

పెంచలి దిగింది. సుకేతుడు బొబ్బలెక్కిన చేతులు వెనక దాచుకుని, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగాడు.

"తట్ట మొయ్యడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకో. వచ్చాక అడుగు."

పూడికతీత మొదలైంది. సుకేతుడు మూడు నెలలు తట్ట మోశాడు. మొదటి నెల ఒలకబోశాడు, రెండో నెల సగం తెచ్చాడు, మూడో నెల నిండుగా తెచ్చాడు. అప్పుడు అడిగితే పెంచలి సరేనంది. పెళ్లి దిబ్బ కిందే జరిగింది. గూడబాతుకు వంద బుట్టల చేపలు, చిలకకు జాంపళ్లు, పందికొక్కుకు గాడిద మోసేంత నెయ్యి పెట్టారు. పందికొక్కు మునగలేదు గానీ ప్రయత్నించింది.

భువనకేసరి తర్వాత రాజ్యం ఎవరిదన్న మాట వచ్చినప్పుడు అన్నలిద్దరూ తమకొద్దన్నారు. ఒకసారి రాయి అయినవాడికి సింహాసనం మీద కదలకుండా కూర్చోవాలంటే భయమట. సుకేతుడు రాజయ్యాడు, పెంచలి రాణి అయింది. ముప్పై ఆరేళ్లు ఏలారు. ఆ ముప్పై ఆరేళ్లలో రాజు తెలియదన్న ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్లి తెలుసుకుని వచ్చారు. అందుకే రాజ్యం బాగా నడిచింది. దిబ్బ మీద శాసనం ఏదీ చెక్కించలేదు. సాయంత్రమైతే మట్టిపనివాళ్లు ప్రహరీ దారిలోంచి వచ్చి తట్టలు బోర్లించి మూడు దెబ్బలు కొట్టేవారు. ఏడాదికి బెత్తెడు పెరిగిందని కొందరన్నారు, మూరెడని కొందరన్నారు.

కథ దిబ్బెక్కి కూర్చుంది, వినేవాళ్లు కాళ్లు దులుపుకుని ఇళ్లకు పోండి.